తుపానునుండి దక్కిన పశువులు: శీతకాలపు దినచర్య

ఉద్దానపు రైతులకు ఆశ్వయుజము పండుగల మాసమే కాదు, గండపు మాసము కూడ. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటెను. మఱుసటి యేడు సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణముపై బడెను. 2018వ సంవత్సరమున దేవీనవరాత్రులు ప్రారంభమైన మఱునాడు, అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర అయిదున్నర గంటల నడుమ, తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. అప్పుడు గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. విసురు 165 వరకు పోయెను. వజ్రపుకొత్తూరు మండలమందలి పల్లిసారథి, అక్కుపల్లి మొదలగు తీరగ్రామములు ఆ గాలికి నేరుగా ఎదురు నిలిచినవి. కొబ్బరి, జీడి, పనస తోటలకు కలిగిన నష్టము అందఱెఱిగినదే. ఈ పత్రికలో చెప్పదలచినది చెట్లను గుఱించి కాదు. ఆ రాత్రి చావక మిగిలిన ఆవులు, ఎద్దులు, గేదెలు, దూడలను గుఱించి.

తుపాను వెళ్ళిన మఱునాడు పశువు కన్నుల యెదుట నిలిచి యున్నచో, అది దక్కినదని రైతు తలంచును. ఇది తొందరపాటు. రెండు మూడు దినములు మేత లేక, తడిసి, చలిగాలిలో నిలిచి, బెదరిన పశువునకు అసలు పరీక్ష కార్తీక మార్గశిరములలో వచ్చును. పాతగడ్డి తడిసి చెడియుండును, క్రొత్తగడ్డి కోతలు కాని రాదు. ఈ నడుమ నున్న ఆఱేడు వారములలో మంచు దిగును, చలి ప్రవేశించును. తుపానునాడు చచ్చిన పశువునకు పంచనామా కలదు, దానిని బట్టి సహాయమును కలదు. నలువది దినముల పిదప శాలలో ఎముకలు తేలి చచ్చిన ఎద్దును తుపాను లెక్కలో వ్రాయించుట మిక్కిలి కష్టము. కావున ఆ నష్టమంతయు రైతుపైననే పడును. దానిని తప్పించుకొను ఉపాయము రైతు చేతిలోనే యున్నది.

ఆకలిగొన్న పశువునకు అన్నమే విషమగుట

మొట్టమొదట చెప్పవలసినది మేత విషయము. దయచేతనే యెక్కువ పశువులు చచ్చుచున్నవి. ఇంటిలో ధాన్యము తడిసినది, బియ్యము నానినది, పాఱవేయుటకు మనసొప్పదు, ఎదుట డొక్కలంటుకొనిపోయిన పశువు నిలిచియున్నది. రైతు ఆ బియ్యమును వండి గాని వండక గాని గంపెడు దాని ముందు పెట్టును. పశువు ఆత్రముతో తినును. మఱునాటికి నెమరు నిలిచిపోవును, పండ్లు కొఱుకును, తూలుచు నడచును, పుల్లని వాసన గల పలుచని పేడ వేయును, కన్నులు లోనికి పోవును. రెండు మూడు దినములలో చచ్చును. ఊరిలో దీనిని తుపాను గాలి సోకినదందురు. అది గాలి కాదు.

దీని కారణము తెలిసికొన్న రైతు మఱల ఆ పని చేయడు. ఆవు, గేదెల పెద్దకడుపులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది కలవు. గడ్డిని జీర్ణము చేయునవి ఇవే గాని పశువు కాదు. మేత లేని దినములలో ఇవి క్షీణించును. అట్టి కడుపులో ఒక్కమాఱుగా పిండిపదార్థము పడెనేని, పులియజేయు సూక్ష్మజీవులు మాత్రము విపరీతముగా పెఱిగి కడుపునంతయు ఆమ్లముతో నింపును. ఆ ఆమ్లము నెత్తురులోని నీటిని కడుపులోనికి లాగును. పశువు నీళ్ళ కుండవలె ఉబ్బి, లోపల మాత్రము ఎండిపోయి చచ్చును.

ఇది మన పశువులకే పరిమితమైన సంగతి కాదు. 1945వ సంవత్సరమున యుద్ధము ముగిసి చెఱలనుండి విడువబడిన ఖైదీలలో పలువురు, ఆకలితో బ్రతికియుండి, కడుపునిండ తిన్న పిదప మరణించుట వైద్యులు చూచిరి. అమెరికాలో యజమానులు మేత పెట్టక విడిచిన గుఱ్ఱములను విడిపించి తెచ్చిన చోట్లను ఇట్లే జరుగుచుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు డేవిస్‌లో అట్టి గుఱ్ఱములను పరిశీలించి, దాణా పెట్టిన గుఱ్ఱముల నెత్తురులో భాస్వరము మొదలగు లవణములు హఠాత్తుగా పడిపోవునని, మంచి ఎండుమేతను నాలుగేసి గంటల కొకమాఱు కొద్దికొద్దిగా పెట్టి, పది దినములలో క్రమముగా పెంచుటయే క్షేమమని నిర్ణయించిరి. గుఱ్ఱపు కడుపు వేఱు, ఆవు కడుపు వేఱు. అయినను సూత్ర మొకటే.

మన శాలలో దీని నిట్లు ఆచరింపవలెను. మొదటి దినమున మేతకంటె నీరు ముఖ్యము. పది లీటర్ల గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల ఉప్పు, గుప్పెడు బెల్లము కలిపి ముందుంచవలెను. ఒక్కపెట్టున త్రాగనీయక, గంటసేపు నిలిపి మఱల ఈయవలెను. పిదప చేతనైనంత శుభ్రమైన ఎండుగడ్డిని కిలో, కిలోన్నర చొప్పున దినమునకు నాలుగైదు మాఱులు వేయవలెను. మూడు దినముల వరకు గింజ, బియ్యము, గంజి, చిక్కని కుడితి ముట్టనీయరాదు. నాలుగవ దినమున పావుకిలో తవుడు, చారెడు తెలకపిండి గాని కొబ్బరిచెక్క గాని కలిపి గడ్డిపై చల్లి యీయవచ్చును. నెమరు చక్కగా వేయుచు, పేడ గట్టిపడుచున్నచో రెండు దినముల కొకమాఱు మఱి పావుకిలో పెంచుచు, మూడు వారములకు కిలో, కిలోన్నర వరకు పోవచ్చును. ఉడికించిన ఉలవలు ఎద్దులకు మిక్కిలి మంచివే. కాని రెండవ వారము గడచిన పిదపనే, గుప్పెడుతో ప్రారంభింపవలెను. ఉలవగుగ్గిళ్ళతో ఎద్దు లేచునని పెద్దలు చెప్పుమాట పనిచేయు ఎద్దు విషయమున నిజము. కృశించిన ఎద్దు విషయమున మాత్రము దినములు లెక్కింపవలెను.

ఒకవేళ పశువు త్రాడు తెంపుకొని ధాన్యపు బస్తా తినెనని తెలిసినచో, నీరు విస్తారముగా త్రాగనీయక, 100 మొదలు 150 గ్రాముల వంటసోడాను నీటిలో కలిపి గొట్టముతో మెల్లగా పట్టించి, వెంటనే పశువైద్యునికి కబురు పంపవలెను. మందు పట్టించునపుడు తల మీదికి విఱిచి పట్టరాదు. నాలుకను లాగి పట్టరాదు. పశువు దగ్గినచో తల విడువవలెను. ఊపిరితిత్తులలోనికి పోయిన మందు రోగముకంటె ముందుగా చంపును.

తడిసిన గడ్డి

మన వైపున గడ్డివామి యనగా రైతు ధనము. వాన కది తడిసినపుడు పైపొర ఎండియున్నట్లు కనబడినను, చేయి లోనికి జొనిపి చూడవలెను. లోపల వేడిగానున్నను, ముక్కిన వాసన వచ్చుచున్నను, నల్లని గాని గులాబివన్నె గాని మచ్చలున్నను అది బూజు పట్టినదే. వామిని విప్పి, ఎండ వచ్చిన మొదటి దినముననే ఇసుకదిబ్బలపై పలుచగా పఱచి ఆరబెట్టవలెను. మన తీరపు ఇసుకనేల ఈ పనికి ఎంతయు అనుకూలము, నీరు నిలువదు. అడుగు మూరెడు, నడుమ మచ్చలు పడిన కట్టలు వేఱు చేసి ఎరువుగోతిలో వేయవలెను. పశువుల క్రింద పఱపుగా కూడ వేయరాదు, ఏలననగా ఆకలిగొన్న పశువు పఱపునే తినును.

బూజుగడ్డి వలన కలుగు కీడులలో ఒకటి శీతకాలముననే బయటపడును. దానికి డెగ్నాలా రోగమని పేరు. పడమటి పంజాబులో, ఇపుడు పాకిస్థానముననున్న డేగ్ అను నాలా ప్రాంతమున మొదట గుర్తింపబడుటచేత ఆ పేరు వచ్చినది. వరిగడ్డి తిను పశువులకు, అందును గేదెలకు, చలిదినములలో ఇది వచ్చును. బూజులోని విషము సన్నని రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. చలి వానిని మఱింత ముడుచును. అందుచేత గుండెకు దూరమైన తోకకొన, చెవికొనలు, కాలి గిట్టలు నెత్తురు లేక చల్లబడి, ఎండి, నల్లబడి రాలును. గిట్ట ఊడిన గేదెను ఇక నిలుపుట దుర్లభము. తోకకొన చల్లగా నున్నదని, చర్మము గట్టిపడుచున్నదని తోచిన దినముననే ఆ గడ్డి మాన్పి వేఱు మేత పెట్టి, పశువైద్యుని పిలువవలెను. కాబట్టి ప్రతి దినము ఉదయమున గేదె తోకకొనను, చెవులను చేతితో పట్టి చూచుట అలవాటు చేసికొనవలెను. ఇందుకు అరనిమిషము చాలును.

గడ్డితోపాటు చూడవలసినది ఇనుము. పెంకులు, రేకులు ఎగిరిపోయిన చోట మేకులు, తీగముక్కలు గడ్డిలోను పచ్చికలోను కలిసియుండును. పశువు గుఱ్ఱమువలె పెదవులతో ఏఱుకొని తినదు; నాలుకతో చుట్టి మ్రింగును. మ్రింగిన మేకు రెండవ కడుపులో నిలిచి, ముందునకు గ్రుచ్చుకొనుచు గుండె వఱకు పోవచ్చును. ఇది కొన్ని వారములకు గాని తెలియదు. పశువు మోచేతులు ఎడముగా పెట్టి నిలుచుట, పల్లమునకు దిగ నిరాకరించుట, పండుకొనునపుడు మూలుగుట, పిదప గంగడోలు క్రింద నీరు దిగుట దీని గుర్తులు. వైద్యులు దీనికి అయస్కాంతము మ్రింగించు పద్ధతి కలదు. అంతకంటె సులభమైన అయస్కాంతమొకటి ఇంటనే యుండవచ్చును: పాత మైకు పెట్టె వెనుకనుండు అయస్కాంతపు బిళ్ళను త్రాటికి కట్టి, శాల ముంగిటను గడ్డి పఱచిన చోటను పిల్లలచేత ఈడ్పించినచో, ఎన్ని మేకులు పైకి వచ్చునో చూచి మీరే ఆశ్చర్యపడుదురు.

పచ్చిమేత విషయము. పడిన పనసకొమ్మల ఆకు పశువులును మేకలును చక్కగా తినును. అవిశాకు శ్రేష్ఠము. పడిన అరటిబోదెలను చిన్నముక్కలుగా తఱిగి ఎండుగడ్డితో కలిపి యీయవచ్చును. అందు నీరే యెక్కువ గనుక అదే మేతయని నమ్మరాదు. జీడియాకు వలదు. గన్నేరు చెట్టు ఎక్కడ పడినను మొదట దాని కొమ్మలను తీసి దూరముగా కాల్చివేయవలెను; కొద్ది ఆకులే పెద్ద ఎద్దును చంపును. తుపాను వెళ్ళిన వారములోనే తేమగల నేలలో మేతజొన్నను గాని మొక్కజొన్నను గాని అలసందతో కలిపి చల్లినయెడల మార్గశిరారంభమునకు కోతకు వచ్చును. జొన్న లేతగా నున్నపుడు, నీరు చాలక గిడసబాఱినపుడు విషముగా నుండును. పూత వచ్చిన పిదపనే కోయవలెను.

చలి చంపదు, తడి చంపును

మన తీరమున పుష్యమాసపు రాత్రులయందైనను వేడిమి 16, 17 డిగ్రీలకు, ఒకొక్కప్పుడు అంతకంటె కొంచెము తక్కువకు దిగును. ఇంతమాత్రపు చలి కడుపునిండిన, ఒడలారిన పశువును ఏమియు చేయజాలదు. విదేశములలో వేసిన లెక్కల ననుసరించి, పొడిగానున్న శీతకాలపు రోమముగల పశువు సున్న డిగ్రీల వరకు కష్టము లేక ఓర్చును. రోమము తడిసిన పశువునకో, 15 డిగ్రీలవద్దనే ఒంటివేడి నిలుపుకొనుటకు అధికమైన ఆహారము కావలసివచ్చును. మన పశువుల రోమము పలుచన. కప్పు ఎగిరిపోయిన శాలలో మంచుకు తడిసి, ఈశాన్యపు గాలికి నిలిచి, అరకడుపుతోనున్న పశువు తన కండనే కరగించి కాగుచున్నదన్నమాట. కంబళులు కొనుటకంటె ముందు వెన్ను తడియకుండ చూచుట, గాలి మరలించుట ముఖ్యము.

శాలకు ఉత్తరపు తూర్పు వైపుల కొబ్బరాకు తడికలు నిలిపిన చాలును. పడిన చెట్ల ఆకు తుపాను పిదప కావలసినంత దొరకును. నాలుగు దిక్కుల మూసివేయుట మాత్రము కూడదు. మూసిన శాలలో మూత్రపు ఘాటు కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును. శీతకాలపు దగ్గు, రొమ్ముజబ్బు అందుండియే పుట్టును. తెల్లవారుజామున శాలలో అడుగు పెట్టినపుడు మీ కన్నులు మండినచో పశువునకు రాత్రియంతయు మండినవని గ్రహింపవలెను. తడికకు పైన మూరెడు ఎడము విడువవలెను. దోమలకై పొగ వేయువారు శాల బయట గాలివాలున వేయవలెను గాని, లోపల కుంపటి పెట్టి తలుపు మూయరాదు. పూరిశాలలో నిప్పు సంగతి చెప్పనక్కఱలేదు.

నేలకు ఎండిన ఇసుక జానెడు మందమున పోసి, దానిపై కొబ్బరిపీచు పొట్టు పఱచిన మేలు. పీచుపొట్టు తేమను పీల్చును, మన వైపున చౌకగా దొరకును. తడిసిన భాగము దినదినము తీసివేయవలెను. గోనెపట్టాలు కప్పు అలవాటు మంచిదే. రాత్రి కప్పి, ఎండ ఎక్కిన పిదప తీసి ఆరవేయవలెను. మంచుకు తడిసిన గోనెను అట్లే వెన్నుపై విడుచుటకంటె అసలు కప్పకుండుట మేలు.

ఉదయమున ఎండ వచ్చిన తోడనే పశువును బయట కట్టి, గడ్డిచుట్టతో మెడనుండి తోకవఱకు గట్టిగా తోమవలెను. గుఱ్ఱములవారు దీనిని మాలీసు అందురు. ఎద్దునకును ఇది యంతే అవసరము. తోముటవలన మంచు తుడుచుకొనిపోవును, చర్మము క్రింద నెత్తురు ప్రసరించును, అన్నిటికంటె ముఖ్యముగా రైతు చేయి పశువు ఒడలంతయు తడవును. తోమునపుడే పిడుదులు, పేలు, వాపులు, దాగిన పుండ్లు తెలియును. మాపటివేళ స్నానము చేయింపరాదు. బురద అంటినచో మధ్యాహ్నపు టెండలో కాళ్ళుమాత్రము కడిగి ఆరనీయవలెను.

మేపుటకు పొద్దెక్కి మంచు ఆరిన పిదప తోలవలెను. చెరువుగట్ల వెంబడి, నీరు తీసిన పల్లములందు మొలచిన పచ్చిక చూచుటకు లేతగానుండును. దానిని నత్తలనుండి వచ్చిన కార్జపు జలగల పిల్లలు అంటిపెట్టుకొనియుండును. తుపాను నీరు నిలిచిన యేడు ఈ రోగము హెచ్చు. పుష్యమాఘములలో దవడ క్రింద సంచివలె నీరు దిగి, పశువు చిక్కి, పాలు తగ్గును. ఆ పల్లములందు మేపకుండుట, పేడ పరీక్ష చేయించి వైద్యుడు చెప్పిన మందు నిండుమోతాదున పట్టించుట తప్ప వేఱు దారి లేదు.

నీరు, గాయములు, టీకాలు

పెద్ద పశువునకు దినమునకు 40 మొదలు 60 లీటర్ల నీరు కావలెను. తిత్లీ పిదప విద్యుత్తు లేక మోటార్లు నడువని దినములలో ఈ నీటికే కఱవు వచ్చెను. చలిదినములలో పశువు చల్లని నీటిని తక్కువ త్రాగును. నీరు తగ్గిన పశువు ఎండుగడ్డిని జీర్ణింపజేసికొనలేక కడుపు కట్టుకొనిపోవును. నూతినీటిని తోడిన తోడనే ఈయవలెను. అపుడది గోరువెచ్చగా నుండును. రాత్రి కుడితితొట్టిలో నిలిచిన నీరు పాఱబోయవలెను. సముద్రపు నీరు చేరిన గుంటలవైపు దప్పిగొన్న పశువును విడువరాదు.

గాయములు ఎంత చిన్నవైనను కడిగి, వేపనూనె వ్రాసి, ఈగ వాలకుండ చూడవలెను. పురుగు పట్టినచో కర్పూరతైలము గుడ్డలో తడిపి పుండులో నుంచి, పురుగులు పైకి రాగానే పట్టుకఱ్ఱతో తీయవలెను. బురదలో దినములకొలది నిలిచిన పశువునకు గిట్టల నడుమ చీలి, వాసన కొట్టును. నూటికి అయిదు పాళ్ళు మైలుతుత్తము కలిపిన నీటిలో కాళ్ళు ముంచి నిలిపిన మానును. ఆ నీరు పశువు త్రాగకుండ కాచుకొనవలెను.

గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలు వేయించియున్నవో లేదో తుపానుకు ముందే చూచుకొనదగిన సంగతి. నీరసించిన పశువులలో గొంతువాపు ఒక్క రాత్రిలో ప్రాణము తీయును. టీకా తప్పిన పశువులున్నచో గ్రామపు పశుసంవర్ధక సహాయకునికి తెలుపవలెను. మన రాష్ట్రమున 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల వచ్చు ఏర్పాటు 2022వ సంవత్సరమునుండి కలదు.

లేవలేని పశువు

పడిపోయిన పశువును చూచి, తోకను మెలివేసి, కఱ్ఱతో కొట్టి లేపుట మన గ్రామములలోని అలవాటు. ఇది పనికిమాలిన పని. బలము లేనిది కొట్టినను లేవజాలదు. దానిని ప్రక్కకు పడుకొననీయక, రొమ్ముపై కూర్చుండునట్లు ఇసుకబస్తాలు ఇరుప్రక్కల ఆనించి పెట్టవలెను. ప్రక్కకు పడినచో కడుపు ఉబ్బి ఊపిరాడక చచ్చును. మూడు నాలుగు గంటల కొకమాఱు ఒకవైపు తొంటినుండి రెండవవైపునకు మార్చవలెను, రాత్రులందును. బరువంతయు ఒకే కాలిపై గంటలకొలది నిలిచినచో ఆ కాలి కండ చచ్చి, పిదప బలము వచ్చినను పశువు లేవలేదు. క్రింద లోతైన మెత్తని ఇసుక ఉండవలెను. సిమెంటు నేలపై పడిన పశువును మొదట ఇసుకపైకి గోనెపట్టాతో ఈడ్చి చేర్చవలెను. కన్ను తేటగా, మేత ముట్టుచు నున్నంతవరకు ఆశ విడువనక్కఱలేదు.

ఇల్లాలికి గాని, పెరిగిన పిల్లలకు గాని ఈ పని పంచి, రాత్రి ఎవరెపుడు లేవవలెనో ముందే నిర్ణయించుకొన్న యింట పశువు దక్కును. "అందఱు చూచుచున్నారు" అనుకొన్న యింట ఎవ్వరును చూడరు.

చూడి పశువులు, దూడలు వేఱుగా చెప్పదగినవి. ఈనిన అరగంటలోపల దూడను గుడ్డతో తుడిచి ఆరబెట్టి, జున్నుపాలు త్రాగింపవలెను. దూడ బరువులో పదవవంతు జున్నుపాలు మొదటి దినమున లోనికి పోవలెను. ఇరువదికిలోల దూడకు రెండు లీటర్లు. తల్లి చిక్కినదని పాలు పిదుకక విడుచుట గాని, దూడకు విడువక పిదుకుట గాని రెండును తప్పు. తడిసిన దూడ ఆ రాత్రి చలికి నిలువదు.

దుక్కిటెద్దులను తుపాను పిదప నెలదినములవరకు కాడికి కట్టరాదు. కోతలు, నూర్పులు మీదికి వచ్చుచున్నవనుట నిజమే. అయినను ఎముకలు తేలిన ఎద్దుతో మార్గశిరమున నూర్చిన రైతు, ఆషాఢమున దున్నుటకు క్రొత్త ఎద్దును కొనవలసియుండును. రెండింటిలో ఏది తక్కువ వ్యయమో లెక్క వేసికొనవచ్చును. మెడపై కాడి ఒత్తిన పుండు పూర్తిగా మానినదాక కాడి మోపరాదు.

గుఱ్ఱము గలవారికి

మన ప్రాంతమున గుఱ్ఱములు మిక్కిలి అరుదు. పెండ్లి ఊరేగింపులకై పెంచువారు కొందఱు కలరు. విశాఖ మన్యమున పాడేరు ప్రాంతపు కొండదారులలో సామాను మోయు గుఱ్ఱములు నేటికిని కలవు. గండమునుండి తప్పించిన గుఱ్ఱము దొరికినవారు నాలుగు సంగతులు గుర్తుంచుకొన్న చాలును. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. చెడిన మేత లోనికి పోయినచో శూల పుట్టి చచ్చును. కావున పశువు తినదగిన గడ్డియైనను కొంచెము బూజు వాసన యున్నచో దానికి పెట్టరాదు. చిన్న గాయమునకే ధనుర్వాతము వచ్చు జంతువులలో గుఱ్ఱము మొదటిది. మేకు గ్రుచ్చుకొన్న దినముననే టీకా వేయింపవలెను. చలిదినములలో నీరు తగ్గి పేడ గట్టిపడినచో అదియే శూలకు మొదలు. గోరువెచ్చని నీరు, చిటికెడు ఉప్పు తప్పక ఈయవలెను. గిట్టలలోని మట్టి దినమున కొకమాఱు తీయవలెను. ఆవునకు గడ్డిని పులియబెట్టు యూరియా పద్ధతి గుఱ్ఱమునకు పనికిరాదు.

ఆ పద్ధతి మాట వచ్చినది గనుక: కోలుకొన్న పెద్ద పశువులకై, మంచి గడ్డి 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరగించి చల్లి, గాలి చొఱకుండ త్రొక్కి కప్పి, 21 దినములు నిలిపి, విప్పిన పిదప ఘాటు పోవునట్లు ఆరనిచ్చి వాడవచ్చును. ఆఱు నెలలు నిండని దూడలకు, ఇంకను చిక్కియున్న పశువులకు వలదు. బూజుగడ్డిని ఇట్లు చేసి బాగుచేయవచ్చుననుట అబద్ధము. యూరియాను నేరుగా కుడితిలో కలిపినవారి పశువులు గంటలోపల చచ్చును.

దినమునకు రెండుమాఱులు, ఉదయము తోమునపుడును, సాయంకాలము కట్టునపుడును, పిడికిలిని ఎడమ డొక్కపై అదిమి పట్టి చూడవలెను. రెండు నిమిషములలో పెద్దకడుపు రెండు మూడుమాఱులు కదలి చేతిని నెట్టవలెను. కదలిక తగ్గిన దినమున దాణా మాన్పి ఎండుగడ్డి, నీరు మాత్రమే ఈయవలెను. తోకక్రింద ఉష్ణమాపకము పెట్టి చూచినపుడు ఆవునకు 101.5 ఫారెన్‌హీటు డిగ్రీల దాపున ఉండుట సహజము. 103 దాటినను, 100కు దిగినను పశువైద్యుని పిలువవలెను. ఈ రెండు పరీక్షల ఫలితమును, వేసిన దాణా తూకమును గోడమీద బొగ్గుతోనైనను దినదినము వ్రాసియుంచినచో, వైద్యుడు వచ్చినపుడు మొదట అడుగు ప్రశ్నలకు అదే సమాధానము. ఈ వ్రాత సంక్రాంతివరకు సాగవలెను. అప్పటికి క్రొత్తగడ్డి ఇంటికి వచ్చియుండును, పశువు వెన్నుపై క్రొత్త రోమము మెఱయుచుండును.